బందరు కోర్టులో మా తాత వీలునామా ఉంటుందా?

డాలస్‌లో ఉండే నా పాత రూమ్మేటు ఈమధ్య ఓ అర్ధరాత్రి ఫోన్ చేశాడు. వాళ్ళది గుడివాడ దగ్గర ఓ పల్లెటూరు. "ఒరేయ్, మా తాత వీలునామా కావాలి. బందరు కోర్టు సైట్లో ఎంత వెతికినా దొరకట్లేదు. మనవాళ్ళు ప్రొబేట్ రికార్డులు ఎక్కడ పెట్టి చస్తార్రా?" అన్నాడు.

వాడి తప్పేం లేదు లెండి. టెక్సాస్‌లో ఎవరైనా పోతే వీలునామాని కౌంటీలో కోర్టుకి పెట్టి ఖాయం చేయించుకుంటారు. ఒకసారి అక్కడ చేరిందంటే అది పబ్లిక్ రికార్డు. ఎవడైనా కౌంటీ క్లర్కు దగ్గరకెళ్ళి నకలు తెచ్చుకోవచ్చు. వీడు ఇల్లు కొన్నప్పుడు ఆ ఇంటి పాత యజమానురాలి వీలునామా కూడా చదివాడట, పిల్లికి ఎంత రాసిందో కూడా చెప్పాడు. అలాంటిదే మన జిల్లాలోనూ ఉంటుందనుకున్నాడు.

"కోర్టులో ఉండదురా" అన్నాను. "మరెక్కడుంటుంది?" అన్నాడు. చప్పున జవాబు రాలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఆఫీసు అయ్యాక ఇదే పని. తెలిసింది ఇక్కడ పెడుతున్నాను. మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది కాబట్టి.

మనకి ప్రొబేట్ ఎందుకు లేదు?

ప్రొబేట్ అంటే "ఈ వీలునామా నిజమైనదే" అని కోర్టు వేసే ముద్ర. ఇంగ్లండులో 1858 దాకా ఈ పని చర్చి కోర్టులు చేసేవి. ఆ ఏడు జనవరి నుంచి ప్రభుత్వ కోర్టుకి మారింది. అప్పటినుంచీ ఆ దేశంలో ఖాయమైన వీలునామాలన్నిటికీ ఒకే ఇండెక్సు. అమెరికా కౌంటీలకూ ఈ అలవాటు ఇంగ్లండు నుంచి వచ్చిందే.

మరి ఇంగ్లీషువాళ్ళు ఇన్నేళ్ళు ఏలిన మనకెందుకు రాలేదు? వచ్చింది, కానీ మద్రాసు దాకా వచ్చి ఆగిపోయింది. 1870లో హిందూ విల్స్ యాక్ట్ తెచ్చినప్పుడు దాన్ని బెంగాలుకీ, మద్రాసు, బొంబాయి నగరాలకీ మాత్రమే పెట్టారు. 1925 ఇండియన్ సక్సెషన్ యాక్ట్ కూడా అదే గీత మీద నడిచింది. మద్రాసు నగరంలో వీలునామా రాసిన హిందువు ఆస్తికి ప్రొబేట్ తప్పనిసరి. కృష్ణా జిల్లాలో రాసినవాడికి అక్కర్లేదు. ముస్లింలకీ అక్కర్లేదు. క్రైస్తవులకి మాత్రం 2002 సవరణ వచ్చేదాకా కావలసి వచ్చేది. కాబట్టి మీది బందరులోనో గుడివాడలోనో పాత క్రైస్తవ కుటుంబమైతే జిల్లా కోర్టు ఓపీ రిజిస్టర్లు వెతకడంలో అర్థం ఉంది. ఇక 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ తప్పనిసరి సెక్షన్‌నే (213) తీసేసింది. అంటే మద్రాసు వాళ్ళు కూడా ఇప్పుడు మన బాపతే.

అన్నట్టు, సక్సెషన్ సర్టిఫికెట్ వేరు. అది బ్యాంకు డిపాజిట్లకీ, షేర్లకీ, రావలసిన బాకీలకీ కోర్టు ఇచ్చేది. పొలానికి కాదు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంకోటి. ఈ మూడూ ఒకటే అనుకుని తిరిగేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

మరి కోర్టులో ఏముంటుంది?

తగాదాలు ఉంటాయి. అన్నదమ్ములు భాగాల కోసం దావా వేస్తే అది ఓ.ఎస్. నంబరుతో బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో నడుస్తుంది. ఆ దావా కాగితంలో వంశవృక్షం గీస్తారు. ముత్తాత దగ్గర్నుంచి ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఎప్పుడు పోయారో అంతా ఉంటుంది. చరిత్ర రాసుకునేవాడికి అది బంగారం. ఈ-కోర్ట్స్ సైట్లో పార్టీ పేరుతో వెతకొచ్చు గానీ, పాత కేసులకి అది పనికిరాదు. కోర్టుకెళ్ళి నకలుకి దరఖాస్తు పెట్టాల్సిందే. అందులోనూ తీర్పు, డిక్రీ ఎక్కువ కాలం ఉంచుతారు, మిగతా కాగితాలు గడువు తీరాక ధ్వంసం చేసేస్తారు.

వారసత్వం గురించి దేశంలో లా చదివేవాళ్ళకి బాగా పరిచయమైన కేసుల్లో ఒకటి మన బందరుదే. కలెక్టర్ ఆఫ్ మసులీపటం వర్సెస్ కావలి వెంకట నారాయణప్ప. ఒక బ్రాహ్మణ జమీందారీ చివరికి ఓ వితంతువు చేతికొచ్చింది. ఆవిడ పోయాక వారసులు లేరని కలెక్టరు ఆస్తిని సర్కారులో కలిపేశాడు. ఆవిడ ద్వారా తనకి హక్కుందని నారాయణప్ప వ్యాజ్యం. బ్రాహ్మణుడి ఆస్తిని రాజు తీసుకోకూడదని ధర్మశాస్త్రం చెబుతోంది కదా అన్న వాదం లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1860లో వాళ్ళు కుదరదన్నారు. వారసులు లేకపోతే బ్రాహ్మణుడిదైనా సర్కారుదే అని తేల్చారు. మరుసటేడు ఇంకో తీర్పులో, వితంతువు అవసరం లేకుండా ఆస్తిని అన్యాక్రాంతం చేస్తే సర్కారు కూడా ప్రశ్నించొచ్చు అన్నారు.

ఆ కేసు చదువుతుంటే నాకు తోచిందేమిటంటే, ఆ తగాదా రాకపోతే ఆ కుటుంబం మాట ఇవాళ మనకి తెలిసేదే కాదు. బుద్ధిగా పంచుకుని, పెద్దమనుషుల ముందు తాంబూలాలు మార్చుకున్న వాళ్ళకి కోర్టులో చరిత్ర లేదు.

దొరికే చోటు: బుక్ 3

పోట్లాడుకోని వాళ్ళ కాగితాలకి ఉన్న చోటు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. దేశమంతటికీ మొదటి రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది. ఇప్పటికీ నడుస్తున్నది 1908 చట్టం. దాని ప్రకారం ప్రతి ఆఫీసులోనూ పుస్తకాలు ఉంటాయి. బుక్ 1లో భూముల దస్తావేజులు, బుక్ 3లో వీలునామాలు, బుక్ 4లో ఇతరత్రా కాగితాలు.

మనలాంటి వాళ్ళు చేసే మొదటి తప్పు ఈసీ తీయడం. ఈసీ బుక్ 1 నుంచి వస్తుంది. వీలునామా అందులో కనబడదు. ఈసీ శుభ్రంగా ఉంది కాబట్టి వీలునామా లేదు అనుకుంటే గోతిలో పడ్డట్టే.

బుక్ 3కి పేర్ల వారీగా వేరే సూచిక ఉంటుంది. రాసిన మనిషి బతికుండగా ఆయనకి, ఆయన ఏజెంటుకి తప్ప ఎవరికీ నకలివ్వరు. ఆయన పోయాక మాత్రం ఎవరు అడిగినా ఇవ్వాలి. ఇది సెక్షన్ 57. అంటే చనిపోయినవాడి రిజిస్టర్డు వీలునామా మన దగ్గరా ఒక రకంగా పబ్లిక్ రికార్డే, కాకపోతే ఈ సంగతి ఎవరూ చెప్పరు. మరణ ధృవీకరణ పత్రం, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, సుమారుగా ఏ ఏడో చెప్పాలి. పుస్తకం మనల్ని తిరగెయ్యనివ్వరు, వెతికేది ఆఫీసరే.

ఇంకో రెండు చిక్కులున్నాయి. వీలునామాని పొలం ఉన్న ఊరి ఆఫీసులోనే రిజిస్టరు చెయ్యాలన్న నియమం లేదు. గుడివాడ పొలానికి బందరులో రాసి ఉండొచ్చు. రెండోది, వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరే కాదు. తెల్లకాగితం మీద ఇద్దరు సాక్షులతో రాసి పెట్టెలో దాచినా చెల్లుతుంది. ఆ పెట్టె ఏమైందన్నది మీ అదృష్టం. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. దాన్ని నిప్పంటుకోని పెట్టెలో పెట్టాలని రాశారు. చట్టం రాసినవాళ్ళు నిప్పు గురించి ఆలోచించారు. మన జిల్లాకి గండం ఎప్పుడూ నీళ్ళతోనే.

పాత కాగితాలు వెతికేవాళ్ళకి జిల్లా చరిత్ర కూడా కాస్త తెలియాలి. 1859లో బందరు, గుంటూరు జిల్లాలు కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు విడిపోయింది. 2022లో విజయవాడ వైపు ఎన్టీఆర్ జిల్లా అయింది, కైకలూరు ఏలూరు జిల్లాలోకి పోయింది. ఇంగ్లీషులో వెతికితే కిస్ట్నా అనీ, మసులీపటం అనీ పాత స్పెల్లింగులతో కూడా కొట్టి చూడాలి. పొలం కాగితాలకి ఆర్ఎస్ఆర్, అడంగళ్ళు ఉండేవి, అవి కరణం చేతిలో ఉండేవి. 1984లో ఎన్టీఆర్ కరణాల పదవులు ఎత్తేశాడు. కొన్ని ఊళ్ళలో కాగితాలు కరణంగారి అటక మీదే ఉండిపోయాయంటారు.

ఎవరి కాగితం మిగిలింది?

1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో దిగింది. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. వాళ్ళ సమాధులు బందరులో ఇప్పటికీ ఉన్నాయి, పురావస్తు శాఖ రక్షణలో. మద్రాసులోని సమాధుల మీద రాతల్ని జె.జె. కాటన్ అనే ఐసీఎస్ ఆఫీసరు 1905లో పుస్తకంగా వేశాడు. 1726 నుంచి మద్రాసు మేయర్స్ కోర్టుకి ప్రొబేట్ అధికారం ఉంది. కంపెనీ వాళ్ళ వీలునామాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. హైదరాబాదులో కూర్చుని కేటలాగులో పేరు కొట్టి వెతకొచ్చు.

ఇప్పుడు ఇటు చూడండి. 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30 వేలమంది పోయారు. మొదటి రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిన ఏడే అది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కల్లోనే పది వేలమంది దాకా. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు ఊళ్ళుగా తుడిచిపెట్టుకు పోయాయి. ఎవరో గుర్తుపట్టకుండానే శవాలని కుప్పలుగా దహనం చేశారు. మూడు వందల ఏళ్ళ కిందటి కంపెనీ గుమాస్తా తన వెండి గిన్నెలు ఎవరికిచ్చాడో మనం చదవొచ్చు. 1977లో పోయిన కూలీ తల్లి పేరు చదవలేం. కాగితం ఎప్పుడూ ఆస్తి వెంట నడిచింది, మనిషి వెంట కాదు.

ఆడవాళ్ళ సంగతి మరీనూ. 1956 దాకా హిందూ స్త్రీకి వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద పూర్తి హక్కే లేదు. పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా కూతురికి వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. తెచ్చింది గుడివాడ దగ్గరి నిమ్మకూరు మనిషే, కరణాలని తీసేసిన ఎన్టీఆరే. దేశమంతటా 2005లో.

మళ్ళీ మావాడి సంగతి

వాళ్ళ బాబాయి చేత దరఖాస్తు పెట్టిస్తే గుడివాడలో దొరకలేదు. బందరులో బుక్ 3లో దొరికింది, 1961ది. మూడెకరాలు ఇద్దరు కొడుకులకీ రాశాడు తాత. చివర్లో రెండు వాక్యాలున్నాయి. కూతురికి పెళ్ళినాడు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఆమెదే, కొడుకులకి దానిమీద హక్కు లేదు అని. పేరుతో సహా.

మావాడికి మేనత్త ఉండేదని తెలుసు, పేరు మాత్రం తెలియదు. ఆవిణ్ణి నాగాయలంక వైపు ఇచ్చారు. ఉప్పెనలో ఆవిడా, భర్తా, ఇద్దరు పిల్లలూ పోయారు. ఒక్క శవమూ దొరకలేదు. ఆ తర్వాత ఆ అరెకరం కూడా అన్నదమ్ముల సాగులోకి వచ్చేసింది. ఇంట్లో ఆవిడ పేరెత్తితే నానమ్మ ఏడుస్తుందని ఎవరూ ఎత్తేవారు కాదట.

అందరూ ఒకే రాత్రి పోతే ఎవరు ముందు పోయారన్న లెక్క ఎలా? 1956 హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 21 సరిగ్గా దీనికే ఉంది. ఎవరు ముందో తెలియనప్పుడు, చిన్నవాళ్ళే చివరిదాకా బతికారని అనుకోవాలి, కాదని రుజువయ్యేదాకా. ఆ లెక్కన ఆ నలుగురిలో ఆఖరున పోయింది చిన్నపిల్లాడు. ఒక్క క్షణమైనా అరెకరం వాడిది. వాడి తర్వాత అది తండ్రి వైపు వాళ్ళకి వెళ్ళే దారి ఉంది. ఇన్నేళ్ళ సాగు తర్వాత ఏం మిగిలిందో వకీలు తేల్చాల్సిన విషయం.

ఇదంతా చెప్పాక మావాడు చాలాసేపు మాట్లాడలేదు. కొనేవాడు అడ్వాన్సుతో రెడీగా ఉన్నాడు. ఈసీలో ఏమీ లేదు. ఈ బుక్ 3 నకలు చూసినవాళ్ళం ముగ్గురమే.

"ఆ పిల్లాడి పెదనాన్న ఇంకా ఉన్నాట్ట, నాగాయలంకలోనే" అన్నాడు చివరికి. బేరం ఆపించాడు. సంక్రాంతికి వస్తున్నాడు, నన్నూ తోడు రమ్మన్నాడు. నకలు రెండు కాపీలు తీయించమని చెప్పాను. ఒకటి వకీలుకి. రెండోది ఆ పెద్దాయనకి. ఆయన మరదలి పేరున్న కాగితం ఆయన దగ్గర ఇంకోటి ఉంటుందని నేననుకోను.