పాత నోటుకు వెల కట్టేది వయసు కాదు
మిగిలిన ప్రతుల సంఖ్య, నోటు స్థితి, గిరాకీలే ప్రధానం

పాత పెట్టెలు సర్దుతున్నప్పుడు నిజాం కాలపు నోటో, బ్రిటిషు రాజు బొమ్మ ఉన్న నోటో బయటపడితే లక్షలు వస్తాయని ఆశపడేవారు అనేకులు. నోటు ఎంత పాతదైతే అంత ధర పలుకుతుందన్న నమ్మకం ప్రజల్లో బలంగా ఉంది. మోసగాళ్లకు ఈ నమ్మకమే పెట్టుబడి అవుతోంది. వాస్తవానికి నోట్ల సేకర్తలు వయసుకు ఇచ్చే ప్రాధాన్యం స్వల్పమే.

ఎన్ని మిగిలాయి?

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కొరత తీవ్రం కావడంతో హైదరాబాద్ సంస్థానం 1918లో కాగితపు కరెన్సీ చట్టం చేసి 10, 100 రూపాయల నోట్లను విడుదల చేసింది. 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో 1,000 రూపాయల నోటు వచ్చాయి. 'ఉస్మానియా సిక్కా'గా పేరొందిన ఈ కరెన్సీ నోట్లపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువను ముద్రించేవారు. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన కొన్నేళ్లకు ఇవి చలామణి నుంచి తొలగిపోయాయి.

అప్పట్లో 1,000 రూపాయలంటే పెద్ద మొత్తం. అంతటి నోటును జ్ఞాపకార్థం దాచుకున్నవారు బహు తక్కువ. అందువల్ల అది నేడు అత్యంత అరుదు. అదే సంస్థానపు చిన్న నోట్లు అంతకంటే సులువుగా దొరుకుతాయి. భారత ప్రభుత్వం 1978 జనవరిలో రద్దు చేసిన 1,000, 5,000, 10,000 రూపాయల నోట్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇక ట్రాక్టరు బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు విస్తారంగా ముద్రితమైనది. సాధారణ ప్రతికి లక్షలు వస్తాయన్నది కేవలం ప్రచారమే.

సంతకం, సంఖ్య

ఒకే రకం నోటుకైనా సంతకాన్ని బట్టి ధర మారుతుంది. హైదరాబాద్ నోట్లపై సంస్థాన ఆర్థిక మంత్రుల సంతకాలుండేవి. వారిలో గులాం మహమ్మద్ అనంతరం పాకిస్తాన్ గవర్నర్ జనరల్ కాగా, జాహిద్ హుస్సేన్ ఆ దేశ కేంద్ర బ్యాంకుకు తొలి గవర్నరయ్యారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 1970లో 42 రోజులు మాత్రమే పనిచేసిన బి.ఎన్. అదార్కర్ సంతకమున్న నోట్లకూ సేకర్తల్లో గిరాకీ ఉంది.

వరుస సంఖ్య 000001 వంటిదైనా, అన్నీ ఒకే అంకెలైనా, 786 ఉన్నా కోరేవారుంటారు. ముద్రణలో పాడైన నోట్ల స్థానంలో చేర్చే నక్షత్రం గుర్తు నోట్లను రిజర్వు బ్యాంకు 2006లో ప్రవేశపెట్టింది. ఇవి చెల్లుబాటులో మామూలు నోట్లతో సమానమే. అదనపు ధర సేకర్తల ఆసక్తి మీద ఆధారపడినది.

మడత పడితే ధర తగ్గుతుంది

చేతులు మారని, మడత పడని నోటుకు అత్యధిక ధర లభిస్తుంది. నడుమ ఒక్క మడత ఉన్నా విలువ తగ్గుతుంది. పిన్ను రంధ్రాలు, తుప్పు మరకలు, సిరా రాతలు, చిరిగిన అంచులు మరింత తగ్గిస్తాయి. చాలామంది నోటును కడిగి, ఇస్త్రీ చేసి, చిరుగుకు టేపు అంటించి అమ్మకానికి తెస్తారు. ఇవన్నీ నష్టదాయకమే. ఎలా దొరికిన నోటును అలాగే ఉంచి, ఎండ, తేమ తగలకుండా భద్రపరచడం ఉత్తమం.

చరిత్ర తెచ్చే విలువ

హైదరాబాద్ సంస్థానం కోసం ఇంగ్లండులో ముద్రించిన నోట్లతో వస్తున్న 'ఈజిప్ట్' అనే ఓడ 1922 మే 20న ఫ్రాన్సు తీరాన మరో ఓడ ఢీకొని మునిగింది. బంగారం కోసం 1932లో దానిని గాలించిన ఇటలీ గజఈతగాళ్లకు ఆ నోట్ల కట్టలు దొరికాయి. సంతకాలు లేని ఆ నోట్లు ఏనాడూ చలామణిలోకి రాలేదు. నీటిలో నాని పాడైనప్పటికీ, నోటు వెనుక ఉన్న కథ కారణంగానే వాటిని సేకర్తలు కోరుకుంటారు.

తేదీ చూసి పొరబడవద్దు

నిజాం నోట్లపై కొన్నింట ఫసలీ సంవత్సరం ఉంటుంది. 1327 అని కనిపిస్తే ఏడు శతాబ్దాల నాటిదని భావించరాదు. దానికి సుమారు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. వాటర్‌మార్క్, కాగితం, ముద్రణ తీరును నిపుణులు పరిశీలించిన తరువాతే అసలు, నకిలీ తేలుతుంది.

అమ్మేముందు జాగ్రత్తలు

పాత నోట్లు కొంటామంటూ తన పేరుతో కమీషన్, పన్ను వసూలు చేసే మోసగాళ్లపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇటువంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది. ముందుగా రుసుము అడిగితే మోసమని గ్రహించాలి.

2016లో రద్దయిన 500, 1,000 రూపాయల నోట్లు పదికి మించి కలిగి ఉండటం 2017 నాటి చట్టం ప్రకారం నేరం. అధ్యయనం, పరిశోధన, సేకరణ నిమిత్తమైతే 25 వరకు అనుమతి ఉంది. అతిక్రమిస్తే 10 వేల రూపాయలు లేదా నోట్ల విలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా విధించవచ్చు.

ధర తెలుసుకోవాలంటే ప్రకటనల్లో అమ్మకందారులు అడిగే మొత్తాన్ని కాక, అదే స్థితిలోని నోటు వేలంలో వాస్తవంగా పలికిన ధరను చూడాలి. వ్యాపారి తన లాభం మినహాయించుకొని అంతకంటే తక్కువే ఇస్తాడు. కనీసం ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపిన తరువాతే నోటును అమ్మడం మేలు.