ఓకీచోబీ మృతులు

ప్రకృతికి పేద, గొప్ప భేదం లేదని అంటూంటారు. ఆ మాట నాకు ఎన్నడూ నిజమనిపించదు. 1928 సెప్టెంబరులో ఫ్లోరిడాను ముంచిన హరికేను చరిత్ర ఒక్కటి చాలు, దానిని కాదనడానికి. మన బంగాళాఖాతంలో తుఫాను అనేదానినే అట్లాంటిక్ తీరంలో హరికేను అంటారు.

దక్షిణ ఫ్లోరిడా నడుమ ఓకీచోబీ అనే పెద్ద సరస్సు ఉన్నది. వైశాల్యం సుమారు 730 చదరపు మైళ్ళు; లోతు మాత్రం సగటున తొమ్మిది అడుగులే. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో దాని దక్షిణాన ఉన్న చిత్తడినేలల నీటిని కాలువల ద్వారా తోడివేసి సాగులోకి తెచ్చారు. నల్లని, సారవంతమైన నేల. చిక్కుడు, చెరకు పండించడానికి కూలీలు కావలసివచ్చారు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతివారూ, బహామా దీవులవారూ పొట్ట చేతపట్టుకుని వచ్చి, పల్లపు నేలలో పలుచని కొయ్య గుడిసెలలో కాపురముండేవారు. వారికీ సరస్సుకూ మధ్య అడ్డుగా ఉన్నది ఐదారడుగుల మట్టికట్ట మాత్రమే. 1926 హరికేనులో పడమటి గట్టునున్న మూర్ హేవెన్ దగ్గర ఆ కట్ట తెగి, వందమందికి పైగా చనిపోయారు. అయినా దానిని బలపరచలేదు.

సెప్టెంబరు 13న ప్యూర్టో రికోను ధ్వంసం చేసిన ఆ హరికేను 16వ తేదీ సాయంత్రం పామ్ బీచ్ వద్ద తీరం దాటింది. అంతకుముందు హెచ్చరిక అందకపోలేదు. పగటిపూట చాలామంది మెరక ప్రాంతాలకు తరలివెళ్ళారు. కాని అనుకున్న వేళకు గాలి రాలేదు. గండం తప్పిందనుకుని ఎందరో ఇళ్ళకు తిరిగివచ్చారు. చీకటి పడ్డాక ఉత్తరపు గాలి సరస్సు నీటినంతా దక్షిణపు గట్టుమీదికి నెట్టింది. కట్ట మైళ్ళ పొడవున తెగిపోయింది. బెల్ గ్లేడ్, సౌత్ బే, పహోకీ ప్రాంతాలు నీటిపాలయ్యాయి. గాలికన్న నీరే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంటుందని 1977 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

నన్ను మరింత కలచివేసేది ఆ తరువాతి కథ. శవాలను వెదికి మోయడానికి నల్లజాతివారిని తుపాకులు చూపి పనిలో దింపారు. పని విడిచి వెళ్ళబోయిన ఒకతనిని కాపలా సైనికుడు కాల్చి చంపాడు. శవపేటికలు కొద్దిగానే ఉన్నాయి. అవి తెల్లవారికి కేటాయించారు. వెస్ట్ పామ్ బీచ్‌లో 69 మంది తెల్లవారిని వుడ్‌లాన్ శ్మశానంలో ఖననం చేసి స్మారకశిల నిలిపారు. అదే నగరంలో 674 మంది నల్లవారిని, పేటికలు లేకుండా, అనాథలను పూడ్చే నేలలో ఒకే గోతిలో వేశారు. అక్కడ పేర్లు లేవు, శిల లేదు. దరిమిలా నగరం ఆ స్థలాన్ని అమ్మివేసింది. ఒక వీథిని దానిమీదుగా పొడిగించారు.

రెడ్‌క్రాస్ ఆనాడు తేల్చిన మృతుల సంఖ్య 1,836. డెబ్బై అయిదేళ్ళ తరువాత, 2003లో, అమెరికా వాతావరణశాఖ దానిని "కనీసం 2,500" అని సవరించింది. మృతులలో అత్యధికులు నల్లజాతి వలసకూలీలే. ఆ కొరత లెక్క తెలియక వచ్చినది కాదనుకుంటాను. ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా బ్రతికినవారిని, చనిపోయాక మాత్రం ఎవరు లెక్కిస్తారు? జోరా నీల్ హర్‌స్టన్ 1937లో వెలువరించిన "దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్" నవలలో ఈ వరదా, ఈ పేటికల పక్షపాతమూ చోటు చేసుకున్నాయి. అధికారులు విస్మరించినదానిని ఒక రచయిత్రి భద్రపరచింది.

ఆ తరువాత ప్రభుత్వం సరస్సు చుట్టూ పెద్ద కట్ట కట్టింది. ఇప్పుడది 143 మైళ్ళ పొడవున్న హూవర్ కట్ట. వెస్ట్ పామ్ బీచ్ నగరం ఆ సమాధిస్థలాన్ని 2000లో తిరిగి కొన్నది. 2002లో అది జాతీయ చారిత్రక స్థలాల పట్టికకెక్కింది. మట్టికట్ట స్థానే గట్టి కట్ట లేవడానికి వేలమంది చావవలసివచ్చింది. ఆ చనిపోయినవారికి ఒక గుర్తు దక్కడానికి డెబ్బైయేళ్ళకు పైగా పట్టింది. ఎక్కడ హరికేను హెచ్చరిక విన్నా నాకు ముందుగా గాలివేగం తట్టదు. పల్లంలో ఎవరున్నారు, వారి పేర్లు ఎవరైనా వ్రాసి ఉంచారా అన్నదే తట్టుతుంది.