సభకు ముందే దస్త్రం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గ్రామసభలు, సమాచార హక్కు

2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరేటు ఊళ్లకు దగ్గరైంది. దస్త్రం కూడా దగ్గరైందా అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం-2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. సమాచార హక్కు చట్టం-2005లోని 4వ సెక్షన్ ప్రకారం బడ్జెట్లు, ఖర్చులు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే బయటపెట్టాలి. ఈ రెండు బాధ్యతలూ ఆచరణలో కలవడం లేదు. సభనాడే గబగబా చదివి వినిపించే పద్దును అక్కడికక్కడ పరీక్షించడం ఎవరి తరం? బిల్లు నకలు చేతిలో లేని రైతు ప్రశ్న విన్నపంగానే మిగిలిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఈ రెండింటినీ కలపడానికి దారి చూపింది. తనిఖీకి కనీసం 15 రోజుల ముందే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కొలతల పుస్తకాలు తనిఖీ విభాగానికి అందాలని 2011 కేంద్ర నిబంధనలు చెప్పాయి. బృందం ఇల్లిల్లూ తిరిగి, ఎవరి పేర ఎన్ని రోజుల కూలి పడ్డదో చెప్పి, ముట్టిందా అని అడిగేది. తర్వాత ఊళ్లో సభ, మండలంలో ప్రజావేదిక. కాగితం ముందే చేతికొచ్చింది కాబట్టే ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లు అందరి ఎదుట జవాబు చెప్పవలసి వచ్చింది. దుర్వినియోగమైందని తేలిన సొమ్మును తిరిగి రాబట్టడంలో ఈ పద్ధతి బలహీనపడింది. దానికి విడిగా అధ్యయనం కావాలి.

మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ అవసరం మరింత తీవ్రం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 పెసా చట్టం ప్రకారం పంచాయతీ నిధులు సరిగా ఖర్చయ్యాయని గ్రామసభే ధ్రువీకరించాలి. కొలతల పుస్తకం చూడకుండా ధ్రువీకరించమనడం ఆదివాసీల హక్కును వేలిముద్రకు కుదించడమే. ముందే సమాచారం ఇచ్చే విషయంలో భూపాలపల్లి బొగ్గు గనులకు వర్తించే 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కొంత నయం. బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు, స్థానిక భాషలో ప్రభావ నివేదిక సారాంశం ఇవ్వమంటుంది. పూర్తి నివేదికకు మాత్రం తెలుగు షరతు లేదు. భూమి పోయేవాళ్లకు కావలసిన వివరమైన లెక్కలు అందులోనే ఉంటాయి.

దరఖాస్తు పెట్టి తెచ్చుకోవచ్చు కదా అనవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము కూడా లేదు. కానీ జవాబుకు గడువు 30 రోజులు; ఈలోగా సభ జరిగిపోవచ్చు. పైగా 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా రాష్ట్ర సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. రెండో అప్పీలు వినే దిక్కు లేక జనం ఎదురుచూశారు. హక్కును అప్పీళ్లకే వదిలేస్తే ఏమవుతుందో ఆ కాలం చూపింది.

అందుకే సామాజిక తనిఖీలోని 15 రోజుల నియమాన్ని ప్రతి గ్రామసభకూ వర్తింపజేయాలి. బిల్లులు, కొలతల పుస్తకం నకళ్లు, గత తీర్మానాలపై తీసుకున్న చర్యలు తెలుగులో పంచాయతీ గోడ మీదికి రావాలి. నకళ్లు లేకుండా ఆమోదించిన ఖర్చు చెల్లదనాలి. 2018 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు జారీ చేస్తే చాలు.