గాలి నిలిపిన ఓడ

వేసవికాలమున ఏజియను సముద్రముమీద ఉత్తరమునుండి ఒక గాలి వీచును. ఆకాశమున మబ్బుతునకయైనను ఉండదు. ఎండ కాయుచునే యుండును. సముద్రము మాత్రము తెల్లని నురుగులతో నిండిపోవును. ఏటేట వచ్చునది యను అర్థము వచ్చునట్లు పూర్వపు గ్రీకులు దీనికి పేరు పెట్టిరి. ఇప్పటివారు మెల్తేమి యందురు. మన దేశమునకు నైరృతి ఋతుపవనమును రప్పించు అల్పపీడనమే పడమటికి సాగి ఆసియా మైనరువరకు వ్యాపించుట ఈ గాలికి ఒక కారణమని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక తల్లి బిడ్డలేయైనను ఒకటి వానను తెచ్చును, రెండవది ఓడలను ఆపును. మేమును మా మిత్రుడును సెలవులకు గ్రీసు వెళ్లి, డెలోస్ ద్వీపమును చూడబోయిన నాడు మాకు ఎదురుపడినది ఈ రెండవదే.

మా మిత్రుడు మాకంటె పెద్దవాడు, చరిత్రోపాధ్యాయుడు. ఇరువదియైదేండ్లుగా డెలోస్ కూటమిని గూర్చి పాఠము చెప్పుచున్నాడు కాని ఆ నేలను త్రొక్కి యెరుగడు. పిరేయస్ రేవున ఓడ నెక్కి మికొనోస్ ద్వీపమున దిగునప్పటికి ఆయన పెట్టె కనబడలేదు. సామానులుంచు చోట అటువంటిదే మరియొక నల్లపెట్టె మిగిలియున్నది. నడుమ తీనోస్ రేవున ఎవరో ఆయనదానిని తమదిగా నెంచి దింపుకొనిపోయిరి. రక్తపోటు మందులు, టోపీ, ఈ ప్రయాణమునకై ఆయన వ్రాసికొన్న నోటుపుస్తకము, అన్నియు అందులోనే. మరునాటి ఓడలో పంపుదుమనిరి. మరునాడు గాలి లేచినది.

గాలి మితిమీరినచో అక్కడి రేవు అధికారులు పడవలను కదలనీయరు. తీనోస్‌నుండి పెట్టె రాలేదు, డెలోస్‌కు పడవ లేదు. మందులు ఊరిలోనే దొరికినవి. నోటుపుస్తకము ఏ దుకాణమున దొరకును? కనుచూపుమేరలో నున్న ద్వీపమునకు పోలేక రెండు దినములు రేవు ప్రక్క కాఫీ హోటలులో కూర్చుంటిమి. మేము విసుగుకొనుచుండగా మిత్రుడు, "ఏమయ్యా, ఈ గాలివలన ఒక మహానుభావుడు నెలదినములు ఎక్కువ బ్రతికినాడు, ఎరుగుదువా?" అనెను.

ఆయన చెప్పినది సోక్రటీసు సంగతి. ఏథెన్సువారు ఏటేట అపోలో దేవుని కొలుచుటకు డెలోస్‌కు ఒక ఓడను పంపుచుండిరి. క్రీటు రాజునకు బలి కావలసిన బాలబాలికలను థీసియసు రక్షించినందులకు చెల్లించు మ్రొక్కు అది. ఓడ వెనుకభాగమునకు పూలదండ కట్టిననాటినుండి అది తిరిగి వచ్చువరకు నగరము శుచిగా నుండవలెను; ఎవరికిని మరణశిక్ష అమలు జరుపరాదు. క్రీ. పూ. 399లో సోక్రటీసు విచారణకు సరిగా ముందునాడు ఆ దండ కట్టిరి. ఎదురుగాలులు వీచిన యేట ఓడ రాక ఆలస్యమగుట కలదని ప్లేటో వ్రాసెను. తీర్పు తరువాత సోక్రటీసు ముప్పది దినములు చెరసాలలో నుండెనని జెనొఫోను చెప్పెను. ఆ దినములలోనే శిష్యులు వచ్చి కూర్చుండిరి, సంభాషణలు సాగెను. ఓడ సూనియం అగ్రమువరకు వచ్చినదను వార్తతో తెల్లవారకమునుపే వచ్చిన క్రీటో, మిత్రుడు హాయిగా నిద్రించుచుండగా చూచి లేపలేక కూర్చుండెనట. ఈ కథ ఎన్నిమారులో చదివితిమి కాని ఆ గాలి చెవిలో హోరుమనుచుండగా వినుట వేరు.

డెలోస్ ప్రయాణమున గాలికంటె మనుష్యుల తొందర తెచ్చిన చిక్కులును కలవు. నగరములు పంపిన గాయకబృందములు ఓడ తగిలినదే తడవుగా, దండలు ధరించుచు, వస్త్రములు మార్చుకొనుచు, గుంపుల నడుమ పాడవలసివచ్చెడిదని ప్లూటార్కు వ్రాసెను. నికియస్ అను సేనాని తాను బృందమును తెచ్చినపుడు ఎదుటి రెనేయా దీవిపై దిగి, ఏథెన్సులోనే కొలతకు చేయించి తెచ్చిన వంతెనను రాత్రికి రాత్రి ఆ చిన్న జలసంధిపై పరపించి, తెల్లవారగనే ఊరేగింపుగా నడిపించెనట. ఆయన ప్రతిష్ఠించిన కంచు తాళవృక్షము మాత్రము తరువాత గాలికి పడి, నాక్సోస్‌వారి మహావిగ్రహమునుకూడ పడగొట్టినది! గాలి ధనవంతుల నెరుగదు.

రెండవనాడు ఊరిలోని పురావస్తు ప్రదర్శనశాలకు పోయితిమి. పడవ నడచియుండినచో దానిని చూచియుండము. అందున్న కుండలలో చాలభాగము రెనేయాలో 1898లో త్రవ్విన ఒక గోతిలోనివి. క్రీ. పూ. 426 శీతకాలమున ఏథెన్సువారు డెలోస్‌ను శుద్ధి చేయుదుమని అక్కడి సమాధులన్నియు త్రవ్వించి, ఆ దీవిలో ఇకమీదట ఎవరును పుట్టరాదు, చావరాదు అని శాసించిరి. ప్రసవించు స్త్రీలను, మరణాసన్నులను రెనేయాకు దాటింపవలెను. పాతవారి యెముకలతోపాటు వారికి తోడుగా పెట్టిన కుండలుకూడ అట్లే గోతిలో చేరినవి. నాలుగేండ్లకు ఆ శుద్ధియు చాలదని బ్రతికియున్న డెలోస్ ప్రజలనే వెడలగొట్టి, మరుసటి యేట డెల్ఫీ దేవుని మాటపై తిరిగి రానిచ్చిరి.

ఇది భక్తియా, రాజ్యతంత్రమా? కూటమి ధనాగారమును క్రీ. పూ. 454లోనే డెలోస్‌నుండి ఏథెన్సుకు తరలించుకొనిపోయినవారు వీరు. భక్తి యుండినను ఉండవచ్చును; కాని పుట్టుటకును చచ్చుటకును చోటులేని జనమునకు ఈ నేల నాదని చెప్పుకొను హక్కు ఎట్లు మిగులునని మాకు తోచినది. మిత్రుడు ఆ కుండలలో చిన్నదానియొద్ద చాలసేపు నిలిచెను. "ఇన్నేండ్లు కూటమి తేదీలు చెప్పితిని. వీరిని గూర్చి ఒక్కనాడును చెప్పలేదు" అనెను.

మూడవనాడు గాలి తగ్గినది. అరగంట ప్రయాణమే కాని, అలలకు మాలో ఒకరి కడుపులో నేమియు నిలువలేదు, ఎవరో చెప్పము. డెలోస్‌లో రాత్రి ఉండుటకు యాత్రికులకు అనుమతి లేదు; పడవవాడు మూడు గంటలు గడువిచ్చెను. ఎండకు తలపై రుమాలు కట్టుకొని మిత్రుడు ముందు నడచెను. నాక్సోస్‌వారి సింహములకు నకళ్లు వరుసగా కూర్చుండియున్నవి. అసలువి లోపల భద్రము చేసిరి. ఎదుటి పవిత్ర సరస్సును మలేరియా భయమున 1925 ప్రాంతమున ఎండగట్టిరి. నడుమ ఒక తాళవృక్షము నిలిచియున్నది.

ఆయన చూడగోరినది ఆలయములను కాదు, రేవును. క్రీ. పూ. 166లో రోమను ప్రభుత్వము దీనిని సుంకములేని రేవుగా చేసినపిమ్మట వర్తకులు మూగిరి. దినమునకు పదివేలమంది బానిసలను దింపుకొని పంపివేయగల రేవని స్ట్రాబో వ్రాసెను. ఒక మనిషి చచ్చుటయే అపచారమైన దీవిలో వేల మనుష్యులను అమ్ముట అపచారము కాలేదు! క్రీ. పూ. 88లో మిత్రిదాతీసు సేనలును, 69లో సముద్రపు దొంగలును కొల్లగొట్టగా వర్తకము చెడినది, జనము తరలిరి. 1873నుండి ఫ్రెంచి పండితులు త్రవ్వి తీసిన గోడలే నేడు మిగిలినవి.

గట్టుమీదనుండి రెనేయా స్పష్టముగా కనబడును. ఆ సన్నని నీటిపాయను చూచుచు మిత్రుడు నిలిచియుండగనే పడవ కూత వేసినది. అందరును ఎక్కినపిమ్మట ఆయన ఎక్కెను.

మికొనోస్ చేరునప్పటికి పెట్టె రేవుగదిలో మాకై కాచుకొనియుండెను. ఆయన మందులకంటె ముందు నోటుపుస్తకమును తీసి, రెనేయా అని వ్రాసి, దాని క్రింద పుట మొత్తము ఖాళీగా విడిచెను. టోపీ మాకిచ్చెను.