మార్లవాయి బడి నుంచి ఉద్యాన కళాశాల దాకా

ఆదిలాబాద్ ఆదివాసుల చదువు చరిత్ర ఎవరు చెప్పినా 1943 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడు మార్లవాయిలో గోండు విద్యా పథకం కింద ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. సరిగ్గా మూడేండ్ల తర్వాత, 1946లో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద వ్యవసాయ కళాశాల మొదలైంది. రెండూ నిజాం పాలనలోనే, రెండూ ఒకే రాజ్యంలోనే. కానీ మార్లవాయి బడిలో అక్షరం దిద్దిన పిల్లవాడికీ, రాజేంద్రనగర్‌లో మొక్కల శాస్త్రం చదివే విద్యార్థికీ మధ్య దారి లేదు. ఆ దారి పడడానికి రెండు తరాలు పట్టింది. ఎందుకు పట్టిందో తెలిస్తే, ఈ రోజు ఇంటర్ బైపీసీ చదువుతున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉద్యాన చదువు ఎందుకు పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. పండ్ల చెట్టు మనకు కొత్త కాదు. గోండు, కొలాం, నాయకపోడు, ప్రధాన్, తోటి, కోయ, ఏ గూడెం తీసుకున్నా ఇప్ప, మొర్రి, తునికి, ఉసిరి, మామిడి లేని బతుకు లేదు. కోయ గూడేల్లో మామిడి కొత్తలు చేసేదాకా కాయ ముట్టరు. దీన్ని మొక్కుబడి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఉద్యాన శాస్త్రం చదివినవాళ్లు మాత్రం అందులో ఇంకో సంగతి చూస్తారు. కాయ లోపల టెంక ముదిరేదాకా కోత ఆపడమంటే విత్తనాన్ని కాపాడుకోవడమే. పక్వ దశ అని పుస్తకంలో ఒక అధ్యాయం ఉంటుంది, మన పెద్దలు దాన్ని పండుగ చేసి పెట్టారు.

మరి ఇంత తెలిసినవాళ్లం తోటలు ఎందుకు పెట్టలేదు? అడవిలో చెట్టును కాపాడిన చేతులు చెలకలో మామిడి తోట ఎందుకు వేయలేదు? నా మట్టుకు నాకు దీనికి జవాబు నేలలో కనిపిస్తుంది. జొన్న వేస్తే నాలుగైదు నెలల్లో ఇంటికి వస్తుంది. మామిడి అంటు నాటితే కాపు చూడడానికి నాలుగైదేండ్లు ఆగాలి, ఆ తర్వాత ముప్పై నలభై ఏండ్లు అది కాస్తుంది. వచ్చే వానాకాలం ఈ నేల మనదగ్గరే ఉంటుందో లేదో తెలియనివాడు చెట్టు నాటడు. అడవిని రిజర్వు చేసి గూడేలను ఖాళీ చేయించిన కాలంలో, పట్టాలు బయటివాళ్ల పేర్ల మీదికి పోయిన కాలంలో, మనవాళ్లు ఏడాది పంటలే వేశారంటే అది తెలివిలేక కాదు, లెక్క తెలిసే.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాతే నిజాం సర్కారుకు ఈ నేల గొడవ అర్థమైంది. హైమన్‌డార్ఫ్‌ను పంపింది అందుకే. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆయన సిఫారసులతో జరిగిన పనుల్లో బడి గురించి ఎక్కువ చెప్పుకుంటాం, పట్టాల గురించి తక్కువ చెప్పుకుంటాం. 1940ల చివరికల్లా 11 వేల పైచిలుకు ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు అందాయి. బడిలో గోండీ వాచకాలు పెట్టారు, లిపి దేవనాగరి. అక్కడ చదివినవాళ్లు పంతుళ్లయ్యారు, పట్వారీలయ్యారు, ఫారెస్టు గార్డులయ్యారు. ఆ రోజుల్లో కావలసింది కాగితం చదివే మనిషి, మోసపోకుండా చూసే మనిషి. కాబట్టి ఆ చదువు ఆ కొలువుల వైపే నడిచింది. మొక్కల శాస్త్రం అప్పటి అవసరాల జాబితాలో లేదు.

తర్వాతి ముప్పై ఏండ్ల సంగతి మీకు తెలిసిందే. 1959 భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వచ్చాయి, 1970 సవరణతో '1/70 చట్టం' అనే పేరు గూడెం గూడేనికీ తెలిసింది. చట్టం ఉన్నా నేల జారుతూనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి జరిగింది.

ఈ మధ్యలోనే పత్తి మన చెలకలను ఆక్రమించింది. నల్లరేగడి నేల, ఆదిలాబాద్ మార్కెట్టు, అప్పు ఇచ్చే సేటు, మూడూ పత్తినే కోరాయి. ఇంటి తిండికి వేసే జొన్న, కంది తగ్గిపోయాయి. పత్తి తప్పు పంట అని నేననను, ఎన్నో ఇండ్లలో పిల్లల ఫీజులు దాంతోనే కట్టారు. కానీ ఒక్క పంట మీద ఊరంతా ఆధారపడితే ఒక్క చెడ్డ వానాకాలం చాలు.

ఇక్కడ మనలాంటి మరో జాతి కథ చెప్పాలి. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో బానిస కుటుంబంలో పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ మొదట ఒక కాలేజీలో సీటు తెచ్చుకుని పోతే, నల్లవాడని చూసి వెనక్కి పంపారు. 1890లో ఇంకో కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకుంటుంటే, అతను గీసిన మొక్కల బొమ్మలు చూసిన పంతులమ్మ, నువ్వు వృక్షశాస్త్రం చదవాలని అయోవా వ్యవసాయ కళాశాలకు పంపింది. 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్. అదే ఏడు అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థలో చేరాడు. చుట్టూ అంతా పత్తి, నేల పీల్చేసిన పత్తి. బానిసత్వం పోయినా అప్పు పోని కౌలు రైతులు. పల్లి, చిలగడదుంప, బొబ్బర్లు వేయమని, నేలకు బలం వస్తుందని చెప్పాడు. చెబితే ఎవరూ కాలేజీకి రారు కదా, అందుకని 1906లో గుర్రపు బండి మీద పనిముట్లు, విత్తనాలు పెట్టి ఊరూరికీ పంపించారు. కార్వర్ చనిపోయింది 1943 జనవరిలో. మార్లవాయి శిక్షణ కేంద్రం తెరిచింది కూడా ఆ సంవత్సరమే. ఈ రెండు ఘటనలకూ సంబంధం లేదు, అయినా నాకు ఆ సంవత్సరం చూసినప్పుడల్లా ఆ బండి గుర్తొస్తుంది.

మన దగ్గర ఉద్యాన విద్య చాలాకాలం వ్యవసాయ డిగ్రీలో ఒక భాగంగానే ఉండేది. 1964లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఉద్యానానికీ అటవీ శాస్త్రానికీ విడిగా ఒక విశ్వవిద్యాలయం దేశంలో మొదట హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో 1985లో ఏర్పడింది, అక్కడి ఆపిల్ తోటల పుణ్యమా అని. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం పెట్టారు, రాజేంద్రనగర్‌లో ఉద్యాన కళాశాల కూడా ఆ ఏడే. రాష్ట్రం వేరుపడ్డాక 2014లో కొండా లక్ష్మణ్ పేరిట తెలంగాణకు సొంత ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది, సిద్దిపేట జిల్లా ములుగులో. మేడారం దగ్గరి ములుగు అనుకుని పొరపాటు పడేవాళ్లు చాలామంది, రెండూ వేరు. వనపర్తి జిల్లా మోజెర్లలో ఇంకో కళాశాల ఉంది.

ఉత్తర తెలంగాణకు దక్కినవి రెండు ఉద్యాన పాలిటెక్నిక్‌లు. ఒకటి ఆదిలాబాద్ దస్నాపూర్‌లో, రెండోది పాత కరీంనగర్ జిల్లా రామగిరిఖిల్లాలో. రామగిరి గుట్ట మందు మొక్కలకు పెట్టింది పేరు, ఆ గుట్ట నీడలో మొక్కల బడి పెట్టాలని ఎవరికి తోచిందో కానీ మంచి ఆలోచన. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి రెండేండ్ల డిప్లొమా చేయవచ్చు. నాలుగేండ్ల బీఎస్సీ ఉద్యానానికి బైపీసీ చదివి ఎప్‌సెట్ రాయాలి. డిప్లొమా చేసినవాళ్లు డిగ్రీలోకి పోవడానికి విడిగా ప్రవేశ పరీక్ష ఉంది. 2022 నుంచి రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది.

మన పిల్లలకు అక్కడ మొదటి ఆరు నెలలు కష్టంగా ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, కాలేజీలో అంతా ఇంగ్లీషు. చిన్నప్పటి నుంచి తెలిసిన చెట్టే లాటిన్ పేరుతో ఎదురొస్తుంది. మొర్రి చెట్టుకు శాస్త్రంలో 'బుకనానియా' అని పేరు. ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లాండ్ డాక్టరు పేరు అది. సారపప్పు కొట్టి సంతలో అమ్ముకున్న మన అవ్వల పేరు ఎవరూ పెట్టలేదు. పెట్టనందుకు బాధపడి ఊరుకుంటే లాభం లేదు, ఆ లాటిన్ పేరు నేర్చుకుంటే ఆ చెట్టు మీద ప్రపంచంలో ఎవరు ఏం రాశారో చదవొచ్చు.

చదివితే ఏం తెలుస్తుందంటే, ఇప్ప, మొర్రి కూడా ఇప్పుడు ఉద్యాన పంటలే. గుజరాత్ గోద్రా దగ్గరి కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం ఇప్పలో 'థార్ మధు', మొర్రిలో 'థార్ ప్రియ' అనే రకాలు విడుదల చేసింది. సీతాఫలంలో 'బాలానగర్' రకం దేశమంతా తెలుసు, అది పాలమూరు బాలానగర్ పేరే. ఉట్నూరు అడవుల్లో సీతాఫలం తట్టలకొద్దీ తెచ్చి రోడ్డు మీద అమ్ముతాం కదా. వేల చెట్లలో ఏ చెట్టు కాయ పెద్దది, దేనికి గింజ తక్కువ, ఏది నాలుగు రోజులు ఆగుతుంది అన్నది ఏరేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఆ చెట్టును గుర్తుపెట్టి, కొమ్మ తెచ్చి, అంటు కట్టి, పదేండ్లు కొలతలు రాస్తే అది రకం అవుతుంది. విశ్వవిద్యాలయంలో నేర్పేది ఆ రాయడం, ఆ కొలవడం. చెట్టును గుర్తుపట్టడం మనవాళ్ల దగ్గరే ఉంది. (సీతాఫలం అసలు అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. ఇన్ని తరాలు మనమధ్య ఉన్నాక అది మనదే.)

ఇక కొలువుల మాట. ఉద్యాన డిగ్రీ అనగానే ఉద్యాన అధికారి పోస్టు గుర్తొస్తుంది. నిజం చెప్పాలంటే అవి కొన్నే. 2022 చివర రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వేసిన నోటిఫికేషన్‌లో ఉద్యాన అధికారి పోస్టులు 22 మాత్రమే. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని నాలుగేండ్లు చదవమని నేను ఎవరికీ చెప్పను. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులకు ఈ డిగ్రీ పనికొస్తుంది. డ్రిప్ కంపెనీలు, ఆయిల్‌పామ్ కంపెనీలు క్షేత్ర సిబ్బందిని తీసుకుంటాయి. పై చదువులకు పోతే పరిశోధన కేంద్రాలున్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, మన ప్రాంతంలో రాబోయే పని ఇంకో ఎత్తు. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన పట్టా వారసులకు పోతుంది, అమ్మడానికి వీల్లేదు. అంటే చెట్టుకు తగిన పట్టా అదే. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రంలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చారు. 2025 మేలో ఆ భూములకు సోలార్ పంపులు, పండ్ల మొక్కలు ఇచ్చే 'ఇందిర సౌర గిరి జల వికాసం' పథకం మొదలైంది. బిందు సేద్యం పరికరాలకు ఎస్టీ రైతులకు నూరు శాతం రాయితీ ఉంది. అంతకుముందే నాబార్డు 'వాడి' పథకం కుటుంబానికి ఎకరం చొప్పున తోటలు పెట్టించింది, అది 1982లో గుజరాత్ వాన్స్‌డా ఆదివాసీ గ్రామాల్లో పుట్టిన ఆలోచన.

మొక్క ఇచ్చిపోవడం తేలిక. పది మీటర్ల దూరంలో నాటితే ఎకరానికి 40 మామిడి చెట్లు, అయిదు మీటర్లకు నాటితే 160. ఏది మన గుట్ట నేలకు సరిపోతుంది? మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు ఎట్లా? కాపు వచ్చేదాకా చెట్ల మధ్య కంది వేయాలా, పెసర వేయాలా? కోత తర్వాత కొమ్మ ఎక్కడ కత్తిరించాలి? ఈ ప్రశ్నలు అడగడానికి రైతు మండల కేంద్రం దాకా పోయి తిరిగి రావాలి, పోయినా తన భాషలో చెప్పేవాళ్లు దొరకాలి. గోండీలోనో కొలామీలోనో జవాబు చెప్పగల ఉద్యాన పట్టభద్రుడు ఆ ఊళ్లోనే ఉంటే ఆ తోట బతుకుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు జీతమిచ్చి పెట్టుకునేది అలాంటి మనుషులనే.

సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకు నర్సరీ ఉంది. ఉద్యాన శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, నీళ్లున్న కొద్దిపాటి జాగా కావాలి. జగిత్యాల దగ్గర చల్‌గల్ మామిడి మార్కెట్టు నుంచి ఢిల్లీ దాకా లారీలు పోతాయి, ఆ చుట్టూ తోటలున్నంత కాలం అంట్లకు గిరాకీ ఉంటుంది. నాటు మామిడి టెంకలు ఎండాకాలం చివర గూడేల్లో కుప్పలుగా పడి ఉంటాయి. టెంకను పండు తిన్న నాలుగైదు వారాల్లోపే నాటాలి, ఆలస్యమైతే మొలవదు. మొలిచిన మొక్క మీద మంచి రకం కొమ్మతో మెత్తకొమ్మ అంటు కట్టాలి. కడితే అంటు, కట్టకపోతే టెంక మొక్క, సంతలో రెండింటి ధర ఒకటి కాదు. ఈ పని దస్నాపూర్‌లోనూ రాజేంద్రనగర్‌లోనూ చేయించి నేర్పుతారు, చేతికి బ్లేడు గాట్లు పడేదాకా.