రేవు నడక: నిజాంపట్నం నుంచి మోటుపల్లి దాకా

ఒక ఊరిని చూడడానికి రెండు మార్గాలున్నవి. బండిలో పోతూ చూడడం ఒకటి; తెలిసినవారి వెంట కాలినడకన తిరిగి చూడడం రెండవది. ఇంగ్లండు తూర్పుతీరాన కింగ్స్ లిన్ అనే పాత రేవుపట్టణ మున్నది. అక్కడ ఊరి చరిత్ర చదువుకొన్నవారు వచ్చిన యాత్రికులను వెంటబెట్టుకొని వీధులవెంట నడిపిస్తారు. ఒక నడకకు ఒకే విషయం. ఒకనాడు జర్మను వర్తకుల కథ, మరొకనాడు ఓడల కథ. 1475 ప్రాంతాన ఆ వర్తకులు కట్టుకొన్న గిడ్డంగి, 1683లో హెన్రీ బెల్ రూపకల్పన చేసిన సుంకపు కచేరీ భవనం ఇప్పటికీ నిలిచి ఉన్నవి. చూపించడానికి గోడలున్నప్పుడు చెప్పడం తేలిక.

మన తీరానికి ఆ సౌకర్యం తక్కువ. తెనాలిలో రైలెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగి, అక్కడినుంచి బస్సులో నిజాంపట్నం చేరుకొన్న యాత్రికునికి కనబడేవి చేపలరేవు, పడవలు, వలలు, ఉప్పుగాలి. డచ్చివారు సరకు దాచిన కొట్లు ఎక్కడ, ఇంగ్లీషువారు బసచేసిన ఇల్లెక్కడ అని అడిగితే వ్రేలెత్తి చూపడానికి గోడ దొరకదు. అంతమాత్రాన ఆ ఊరికి చరిత్ర లేదనవచ్చునా? గోడలు లేనిచోటనే తోడు నడిచి చెప్పేవారి అవసరం ఎక్కువ. అందువలన ఈ తీరాన మూడు నడకలు నడిచిచూద్దాము.

మొదటిది ఓడ నడక. నిజాంపట్నం రేవు ఒడ్డున నిలబడి సముద్రంవైపు చూడండి. పదిహేడవ శతాబ్దంలో ఈ రేవును పాశ్చాత్యులు పెటపోలి అని వ్రాసుకొన్నారు. అది ఇక్కడి పెద్దపల్లె అనే గ్రామనామానికి వారి నోట కలిగిన రూపం. డచ్చివారు 1606లోనే ఇక్కడ వర్తకశాల పెట్టుకొన్నారు. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఈ తీరానికి వచ్చినది. దాని కప్తాను ఆంథొనీ హిప్పన్. వర్తక వ్యవహారం చూచినవారు పీటర్ ఫ్లోరిస్, లూకస్ ఆంథ్యూనిస్ అనే ఇద్దరు డచ్చి దేశస్థులు. వారు ముందుగా పులికాటు పోయినారు. అక్కడ పాతుకొన్న డచ్చివారు వ్యాపార హక్కు తమదేనని అడ్డగించగా, ఓడను ఉత్తరంగా నడిపి పెద్దపల్లె రేవున ఆగినారు. ఇక్కడ కొందరిని దింపి, మచిలీపట్టణం పోయినారు. చోళమండల తీరాన ఇంగ్లీషు కంపెనీ వర్తకం ఆరంభమైనది ఈ విధంగా. అప్పటికి చెన్నపట్నంలో కోట లేదు. గోలకొండ సింహాసనం మీద మహమ్మదు కులీ కుతుబ్ షా ఉన్నాడు. గుడ్డలు కొనుక్కొనడానికి అనుమతి వేడుతూ వచ్చినవారే గాని వారు ఏలికలుగా రాలేదు.

అయితే నడిపించేవాడు కప్తానుల గొప్పతో ఆగిపోరాదు. ఫ్లోరిస్ వ్రాసుకొన్న దినచర్య మిగిలి ఉన్నది. 1614లో మచిలీపట్టణంలో రేవు అధికారి తనకు బాకీ తీర్చలేదని ఆ అధికారి కుమారుని పట్టుకొని ఓడమీద నిర్బంధించిన సంగతి అందులో ఉన్నది. తన ఇంట వండినది తప్ప ముట్టని ఆచారంగల ఆ యువకుడు ఓడలో ఉపవాస ముండవలసి వచ్చినది. చివరకు సొమ్ము చెల్లినది, ఓడ కదలినది. బాకీ నిజమే కావచ్చును. కాని తండ్రి బాకీకి కొడుకును కట్టివేయడం ఏ ధర్మం? ఈ ప్రశ్న మనసులో ఉంచుకొనండి, మూడవ నడకలో దీనికొక జవాబు దొరుకుతుంది.

రెండవది ఎరుపు నడక. ఓడలు ఇంతదూరం వచ్చినది దేనికి? తూర్పుదీవులలో మిరియాలు, లవంగాలు అమ్మేవారు ఆంధ్రదేశపు గుడ్డలకు ఆశపడేవారు. వెండి తెచ్చి గుడ్డ కొనడం, ఆ గుడ్డ యిచ్చి మిరియాలు కొనడం కంపెనీల పద్ధతి. ఆ గుడ్డలలో పెద్దపల్లె ఎరుపునకు ప్రత్యేకమైన పేరుండేది. 1618 మొదలు కొన్నేళ్లు మచిలీపట్టణంలో ఉన్న విలియం మెథ్వోల్డు గోలకొండ రాజ్యాన్ని గురించి వ్రాసిన గ్రంథంలో ఈ రంగు నిచ్చే వేరును ప్రశంసించినాడు. దానినే మనవారు చిరువేరు అంటారు. ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క అది. రంగంతా వేరులోనే ఉంటుంది.

ఆ పని ఎట్లుండేదో వినండి. ముందు గుడ్డను ఉతికి, కరక్కాయ కషాయంలోను పాలలోను ముంచి ఆరబెట్టేవారు. ఎరుపు కావలసిన చోట పటిక నీటితో కలం పట్టి వ్రాసేవారు. అప్పటికి రంగు కంటికి కనబడదు. ఆ గుడ్డను చిరువేరుతో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టి నిలిచేది. ఉతికినకొద్దీ ఆ ఎరుపు తేరుకొనేది. వేరు త్రవ్వినవారు, నూలు వడికిన స్త్రీలు, నేసినవారు, కలం పట్టినవారు, ఏటినీట గుడ్డ జాడించినవారు, ఇందరి చేతులమీదుగా గాని ఒక మూట ఓడ ఎక్కలేదు. కంపెనీ కాగితాలలో కప్తానుల పేర్లున్నవి. వీరి పేర్లు మాత్రం లేవు.

ఇంగ్లీషువారు ఈ రేవు వర్తకశాలను పలుమారులు మూసి తెరచి, 1687లో విడిచిపోయినారు. 1759లో సలాబతుజంగు నిజాంపట్నం సర్కారును వారికే ధారపోసినాడు. నాడు అనుమతి అడిగినవారు ఈసారి దొరలై వచ్చినారు. చిరువేరుకు దెబ్బ తగిలినది మరొక వైపునుంచి. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు వేరు లేకుండానే ఆ ఎరుపును తయారుచేయడం కనిపెట్టినారు. ఇసుకలో వేరు త్రవ్వేవారి బ్రతుకుతెరువు అక్కడి ప్రయోగశాలలో తారుమారైనది.

మూడవది అభయ నడక. దీనికి బాపట్ల మీదుగా చీరాల దాటి దక్షిణంగా మోటుపల్లి పోవలెను. ఇంగ్లీషు ఓడ రావడానికి మూడు వందల అరవై ఏండ్లకు పైగా ముందు, కాకతీయ గణపతిదేవుని కాలంలో ఇది గొప్ప రేవు. పదమూడవ శతాబ్దం చివర మార్కోపోలో ముత్ఫిలి అని పేర్కొన్నది ఈ సీమనే. సాలెపట్టువంటి సన్నని బట్టలను అతడు మెచ్చుకొన్నాడు. ఇక్కడి వీరభద్రాలయ మండపస్తంభం మీద 1244నాటి గణపతిదేవుని అభయశాసన మున్నది. దాని సారాంశం ఇది: గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారిమీద దయతో, కీర్తిని ధర్మాన్ని కోరి, మేము నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ పుచ్చుకొనము. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు మొదలైన సరకులకు సుంకమెంతో కూడ అందులో చెక్కించినాడు. 1358లో కొండవీటి రాజు అనపోతారెడ్డి ఇక్కడనే తన శాసనంతో సముద్రవర్తకులకు మరల అభయమిచ్చినాడు.

నడకలో దీనిని చివర ఉంచడానికి కారణం ఇప్పుడు బోధపడినది గదా. రేవును నిలబెట్టేది గోడ కాదు, మాట. దిక్కులేక ఒడ్డు చేరినవాని సొమ్ము మనది కాదని ఒక రాజు రాతిమీద చెక్కించినాడు. ఆ సంప్రదాయం గల తీరానికి వర్తకులై వచ్చినవారే, బాకీ కోసం ఒకరి బిడ్డను ఓడకెక్కించినారు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నిలిపి చెప్పేవాడే మంచి మార్గదర్శి.

ఆ పని ఎవరు చేయవలెను? తెనాలి, బాపట్ల, రేపల్లెలలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయు లున్నారు. సెలవుదినాలు వెతుక్కొనే విద్యార్థు లున్నారు. ఒక నియమం మాత్రం తప్పరాదు. తెలిసినదే చెప్పవలెను. పాత ఇటుక కనబడగానే డచ్చివారి కోట అనరాదు. కట్టుకథ యాత్రికునికి ఒక పూట వినోదం. కాని ఊరికది శాశ్వతమైన నష్టం. మరుసటి తరం దానినే చరిత్ర అనుకొంటుంది.

ఈసారి నిజాంపట్నం వెళ్లినప్పుడు చేపలు కొనుక్కొని తిరిగి రాకండి. పిల్లలను ఒడ్డున కూర్చోబెట్టి, 1611లో ఇటు వచ్చిన ఓడ కథ చెప్పండి. దానివెంటనే ఆ ఓడకు మూటలు కట్టి యిచ్చిన చేతుల కథ కూడ చెప్పండి. ఆ చేతులకు శాసనాలు లేవు. మనం చెప్పుకొంటేనే వారి కథ నిలుస్తుంది.