చెన్నై వారి నూటపదహార్లు

2009 మే 20వ తేదీన నేను, మొదటిసారిగా, బహుశా చివరిసారిగా కూడా, చెన్నై జట్టు గెలవాలని మార్కాపురం చెన్నకేశవస్వామికి మొక్కుకున్నాను. స్వామి పేరులోనూ ఊరి పేరులోనూ 'చెన్న' ఉన్నది కనుక మొక్కు చెల్లుతుందని మా మేనమామ పరిహాసమాడాడు. ఆ రోజున డర్బన్‌లో చెన్నైకీ పంజాబుకీ జరిగిన ఆటలో మా జట్టు లేనే లేదు. అయినా ఆ సంవత్సరం దక్కన్ ఛార్జర్స్ ఆడిన పదహారు ఆటలలో ఏ ఒక్కదానికీ నేను అంతగా ఊపిరి బిగబట్టలేదు.

పోటీని మొదటి నుంచీ చూసినవారు చాలామంది ఫైనల్ గురించి చెబుతారు, ఆడమ్ గిల్‌క్రిస్ట్ గురించి చెబుతారు. నాకు మాత్రం మే 16 నుంచి 20 వరకు గడిచిన ఆ అయిదు రోజులే అసలు చరిత్ర. ఆ జట్టు ఇప్పుడు లేదు. దానిని తమదని చెప్పుకునే నగరం ఇప్పుడు వేరొక జట్టును చూసుకుంటున్నది. కనుక ఈ నాలుగు మాటలు ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా అనిపించింది.

ముందుగా, మార్కాపురం వాడికి దక్కన్ జట్టు ఏమవుతుంది అన్న ప్రశ్న ఉన్నది. నన్ను చాలామంది అడిగారు. మా తాలూకాల వరస వేరు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పరచినప్పుడు మార్కాపురాన్ని, గిద్దలూరును కర్నూలు జిల్లా నుంచి విడదీసి అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అప్పటి నుంచి మేము కోస్తా లెక్కలో సీమవాళ్ళం, సీమ లెక్కలో కోస్తావాళ్ళం. అలాంటివారికి హైదరాబాదు జట్టు అంటే దూరపు చుట్టం కాదు. అందరికీ సమానమైన దూరంలో ఉన్న చుట్టం. రంజీలో ఆంధ్ర వేరు, హైదరాబాదు వేరు. ఈ జట్టులో అలా కాదు. విశాఖ వేణుగోపాలరావు, హైదరాబాదు లక్ష్మణ్, ప్రజ్ఞాన్ ఓఝా, తిరుమలశెట్టి సుమన్ ఒకే చొక్కా తొడుక్కున్నారు. మాకు అది చాలు.

2008లో ఆ చొక్కాకు దక్కిన మర్యాద చెప్పనక్కరలేదు. పద్నాలుగు ఆటలలో రెండు గెలుపులు, పన్నెండు ఓటములు, ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానం. ఉప్పల్ మైదానంలో ఒక్కటంటే ఒక్క ఆట కూడా గెలవలేదు. అందువల్ల 2009లో సార్వత్రిక ఎన్నికల భద్రత కారణంగా పోటీ మొత్తాన్ని దక్షిణాఫ్రికాకు తరలించినప్పుడు, మా మిత్రబృందంలో ఒకరు 'మనకు మంచిదే, ఇంట్లో ఓడే అవమానం తప్పింది' అన్నారు. ఆ మాటలో నిజం ఉన్నదని వెంటనే తేలింది. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో మొదటి నాలుగు ఆటలూ వరుసగా గెలిచాము. మా ఊళ్ళో పోలింగు ఏప్రిల్ 23న. దానికి ముందురోజే బెంగుళూరును ఓడించి ఉన్నందున, ఓటర్ల వరుసలో నిలబడ్డ కుర్రకారు ముఖాలలో ఏ పార్టీ గెలుపూ తేలేనంత వెలుగు ఉన్నది. తరువాత నాలుగింటికి నాలుగూ గెలిచిన జట్టే మూడు వరుసగా ఓడింది. మే 6న ముంబయి మీద రోహిత్ శర్మ హ్యాట్రిక్ తీశాడు. మూడు రోజులకు మళ్ళీ ఓటమి. అలా ఒక మెట్టు ఎక్కి ఒక మెట్టు దిగుతూ మే నెల నడిమికి వచ్చాము.

నేను ఆ నెల ఊళ్ళో ఎందుకున్నానో కూడా చెప్పాలి. ప్రపంచమంతటా మాంద్యం నడుస్తున్న కాలం. హైదరాబాదులో నేను పనిచేస్తున్న కంపెనీ (పేరు అనవసరం) మా జట్టులో సగంమందిని ఇంటికి పంపింది. మిగిలిన ప్రాజెక్టు వస్తే పిలుస్తామన్నారు. ఆ ప్రాజెక్టు రావడం రాకపోవడం నా చేతిలోనూ లేదు, నా మేనేజరు చేతిలోనూ లేదు. ఎక్కడో అమెరికాలో ఎవరో సంతకం పెట్టాలి. ఇంట్లో 'సెలవులు' అని చెప్పాను. అమ్మ నమ్మింది. మామ నమ్మలేదు కానీ అడగలేదు.

మే 16 ఓట్ల లెక్కింపు రోజు. ఉదయం నుంచి మా వీధిలో టీవీలన్నీ ఒకే గొంతుతో మాట్లాడాయి. రాష్ట్రంలో కాంగ్రెసు 156 స్థానాలతో తిరిగి అధికారానికి వచ్చింది. మార్కాపురంలో తెలుగుదేశం గెలిచింది, గిద్దలూరులో ప్రజారాజ్యం గెలిచింది. పక్కపక్క నియోజకవర్గాలు చెరొక దారి, రాష్ట్రం మరొక దారి. వెలిగొండ నీళ్ళు ఇక వస్తాయని ఒకరు, రావని ఒకరు అరుగు మీద వాదులాడుకుంటూ ఉండగానే జొహానెస్‌బర్గులో కోల్‌కతాతో ఆట నడిచింది. చివరి ఓవరులో 21 పరుగులు కావాలి. బంతి బంగ్లాదేశ్ బౌలరు మష్రఫే మొర్తజా చేతిలో ఉన్నది. ఆయన ఐపీఎల్‌లో ఆడినది ఆ ఒక్క ఆటే. ఆ ఓవరులో 26 పరుగులు వచ్చాయి. చివరి బంతిని రోహిత్ శర్మ సిక్సరుగా పంపాడు. వీధిలో టపాకాయలు పేలాయి. అవి ఎవరి గెలుపుకు పేలాయో ఇప్పటికీ చెప్పలేను. నేను మాత్రం నా ఖాతాలో వేసుకున్నాను.

మరునాడే పంజాబుతో ఆట. 135 కొట్టాలి. యువరాజ్ సింగ్ హ్యాట్రిక్ తీశాడు. సైమండ్స్, వేణుగోపాలరావు వరుస బంతులలో వెళ్ళిపోయారు. ఒక్క పరుగు తేడాతో ఓడాము. ఒక్క పరుగు! ముందురోజు అవసరానికి మించి అయిదు కొట్టాము కదా, అందులో రెండు ఈ రోజుకు దాచుకోకూడదా అని హనుమకొండ మిత్రుడు సందేశం పంపాడు. అతడు హైదరాబాదులో నాతో ఒకే గదిలో ఉన్నవాడు, నాతోపాటే ఇంటికి పంపబడ్డవాడు. ఆ రోజులలో అతడు ఓవరుకొకటి చొప్పున పంపిన సందేశాలు నా ఫోనులో పట్టక, పాతవి చెరిపేస్తూ ఉండేవాడిని. ఇప్పుడు ఆ పని చేసినందుకు నొచ్చుకుంటాను.

ఇక లెక్కలు మొదలయ్యాయి. మా మామ పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవారు చదువరులలో ఎంతోమంది ఉండి ఉంటారు. మామకు క్రికెట్ మీద ఆసక్తి లేదు, పద్దుల మీద ఉన్నది. 18వ తేదీ రాత్రి నేను కాగితం మీద కొట్టివేతలతో కుస్తీ పడుతుంటే చూసి, లోపలి నుంచి కొత్త పలకా బలపమూ తెచ్చాడు. నెట్ రన్‌రేట్ అంటే ఏమిటో చెప్పమన్నాడు. పోటీ మొత్తంలో మనం ఓవరుకు సగటున చేసిన పరుగుల నుంచి మనమిచ్చిన పరుగుల సగటును తీసివేయడమే. ఆలౌట్ అయితే మాత్రం ఇరవై ఓవర్లూ ఆడినట్టే లెక్క. మామ ఒక్క నిమిషం ఆలోచించి, 'ఓస్, ఇంతేనా! మనోళ్ళది మిగులు, పంజాబోళ్ళది అప్పు. అంతే కదంటరా అల్లుడూ' అన్నాడు. నేను అంతకు ముందూ ఆ తరువాతా చదివిన ఏ వివరణా దీనికి సాటి రాలేదు.

19న బెంగుళూరు ఢిల్లీని ఓడించడంతో పలక మీది చిత్రం ఇలా తేలింది. ఢిల్లీ పైన, అందరికీ అందనంత ఎత్తున ఉన్నది. మిగిలిన మూడు స్థానాలకు అయిదు జట్లు. చెన్నై 15, దక్కన్ 14, బెంగుళూరు 14, పంజాబు 14, రాజస్థాన్ 13. అందరికీ తలా ఒక ఆట మిగిలింది. 20న రాజస్థాన్ కోల్‌కతాతో, చెన్నై పంజాబుతో. 21న మనం బెంగుళూరుతో. పంజాబు గెలిస్తే వారికి 16, చెన్నైకి ఎటూ 15 ఉన్నాయి. అప్పుడు మనం బెంగుళూరును ఓడించి తీరాలి. పంజాబు ఓడి, రాజస్థాన్ కూడా ఓడితే, మనం మర్నాడు వంద పరుగుల తేడాతో ఓడినా మునగము, ఎందుకంటే మనది మిగులు పద్దు. మామ ఈ చివరి సంగతిని రెండుసార్లు లెక్కించి పలక అంచున చిన్న గుండ్రం చుట్టాడు.

మనం చేయగలిగినది ఏమీ లేకపోవడం అన్నది విచిత్రమైన స్థితి. మన జట్టు ఆడుతున్నప్పుడు కనీసం తిట్టడానికి ఒకడు ఉంటాడు. ఇతరుల ఆటలో ఎవరిని తిడతాము? నా ఉద్యోగం సంగతీ అంతే కనుక, ఆ రెండు నిరీక్షణలూ కలిసిపోయి, ఏది దేని గురించిన ఆందోళనో తెలియకుండా పోయింది.

20న రాజస్థాన్ 101 పరుగులకే ఆగిపోయి కోల్‌కతా చేతిలో ఓడింది. సగం పని అయింది. చెన్నై మొదట బ్యాటింగు చేసింది. ధోనీ, హేడెన్, రైనా ఉన్న జట్టు ఇరవై ఓవర్లలో చేసినది 116. నాకు కడుపులో దేవినట్టయింది. పంజాబులో యువరాజ్ ఉన్నాడు, సంగక్కర ఉన్నాడు, జయవర్ధనే ఉన్నాడు. ఓవరుకు ఆరు పరుగులు కూడా అక్కరలేదు. నేను లేచి బయటికి వెళ్ళబోయాను. మామ పలక మీద 116 అని రాసి, దాని వంక చూస్తూ, 'నూటపదహార్లు రా! శుభమే. కట్నం చదివించినట్టు చదివించారు' అన్నాడు. తెలుగువాడికి తప్ప ఇంకెవరికీ ఆ అంకెలో ధైర్యం కనబడదు.

ఆ సంవత్సరం పది ఓవర్లు కాగానే ఏడున్నర నిమిషాల విరామం ఇచ్చేవారు. వ్యూహానికని పేరు, ప్రకటనలకని అందరికీ తెలుసు. ఆటగాళ్ళు దానిని ఎంత విసుక్కున్నారో తెలియదు కానీ, మాకు మాత్రం ఆ విరామం నరకం. డర్బన్ పిచ్ మీద బంతి నిలిచి నిలిచి వస్తున్నది. మురళీధరన్, అశ్విన్ వంటి స్పిన్నర్లు పంజాబును కట్టిపడేశారు. గిద్దలూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోను చేసి 'అన్నా, యాడికి పోతాంది ఇది?' అని అడిగి, నేను జవాబు చెప్పకముందే పెట్టేశాడు. మాట్లాడితే దిష్టి తగులుతుందని వాడి భయం. చివరకు పంజాబు 92 పరుగులకు ఎనిమిది వికెట్లతో ఆగింది. చెన్నై 24 పరుగులతో గెలిచింది. నేను అరవలేదు. కాళ్ళలో సత్తువ లేక మంచం మీద కూర్చున్నాను. హనుమకొండ నుంచి ఒకే మాట వచ్చింది: 'బతికాం'.

ఆ ఆట విలువ మర్నాడు తెలిసింది. 21న సెంచూరియన్‌లో బెంగుళూరు మనలను 12 పరుగులతో ఓడించింది. మనీష్ పాండే 114 చేసి, ఐపీఎల్‌లో శతకం కొట్టిన తొలి భారతీయుడయ్యాడు. అంటే పద్నాలుగు ఆటలలో ఏడు గెలిచి ఏడు ఓడి, మనమూ పంజాబూ 14 పాయింట్ల వద్ద సమానంగా నిలిచాము. మన రన్‌రేట్ +0.203, వారిది −0.483. ముందురోజు పంజాబు ఆ 117 కొట్టి ఉంటే, తరువాత జరిగినదేదీ జరిగేది కాదు. 22న ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతులలో చేసిన 85 ఉండేది కాదు, ఆ జట్టు తలుపు దాటి వచ్చేదే కాదు కనుక.

24 నాటి ఫైనల్ అందరికీ తెలిసినదే, త్వరగా చెబుతాను. మొదటి ఓవరులోనే కుంబ్లే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు పంపాడు. గిబ్స్ 53తో చివరిదాకా నిలిచాడు. 143 చేశాము. సైమండ్స్ ఒకే ఓవరులో రాస్ టేలర్‌ను, విరాట్ కోహ్లీని తీశాడు. (సైమండ్స్ 2022 మే నెలలో కారు ప్రమాదంలో పోయాడని విన్నప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చినది ఆ ఓవరే.) ఆరు పరుగులతో గెలిచాము. బెంగుళూరు తన తొలి టైటిల్ కోసం 2025 దాకా ఆగింది. అప్పుడు పంజాబు మీద గెలిచినదీ సరిగ్గా ఆరు పరుగులతోనే. పద్దు సరిచేయడం అంటే ఇదే కాబోలు!

విజేతలు ఆ సంవత్సరం ఐపీఎల్‌లో సొంత మైదానంలో ఒక్క బంతి కూడా వేయలేదు. వచ్చే ఏడు ఉప్పల్‌లో చూద్దామని మేమిద్దరం అనుకున్నాము. 2009 డిసెంబరు 9 ప్రకటనతో రాష్ట్రం రెండు ఉద్యమాలుగా చీలింది. 2010లో దక్కన్ సొంత ఆటలను హైదరాబాదులో కాక నాగపూరు, కటక్, నవీ ముంబయిలలో ఆడించారు. నాకూ హనుమకొండ మిత్రుడికీ మధ్య మాటలు పల్చబడ్డాయి. పోట్లాట ఏమీ లేదు; ఏ మాట ఎటు తీస్తుందోనని ఇద్దరమూ జాగ్రత్తపడ్డాము, అంతే. ఆ జాగ్రత్తే పోట్లాటకంటే ఎక్కువ దూరం చేసింది. అప్పటికి ఇద్దరికీ వేరువేరు చోట్ల ఉద్యోగాలు దొరికాయి. ఆ ఏప్రిల్‌లో వరుసగా ఓడుతూ వచ్చిన జట్టు చివరి అయిదు లీగ్ ఆటలూ గెలిచి రెండవ స్థానానికి ఎక్కింది. అయిదవది గెలిచిన రాత్రి నెలల తరువాత అతని నుంచి సందేశం వచ్చింది: 'మనం మళ్ళీ వచ్చాం'. సెమీఫైనల్లో చెన్నై మమ్మల్ని చిత్తుగా ఓడించింది. నూటపదహార్లు వడ్డీతో సహా రాబట్టుకున్నారు అన్నాడు మామ.

2012 సెప్టెంబరులో బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. తరువాతి నెలలో హైదరాబాదుకు సన్‌రైజర్స్ వచ్చింది. 2014 జూన్‌లో రాష్ట్రం రెండయింది. 2016 మే 29న బెంగుళూరులో సన్‌రైజర్స్ ఎనిమిది పరుగులతో గెలిచినప్పుడు, ఓడినది మళ్ళీ బెంగుళూరే. వ్యాఖ్యాతలు అది ఆ జట్టుకు తొలి టైటిల్ అన్నారు. కాగితాల ప్రకారం అదే సరి. వేరే యజమాని, వేరే ఒప్పందం, వేరే పద్దు.

ఆ రాత్రి పన్నెండు దాటాక ఫోను మోగింది. హనుమకొండ నుంచి. 'రెండోది కదా?' అన్నాడు. 'రెండోదే' అన్నాను. తరువాత మామ ఎలా ఉన్నాడని అడిగాడు. పలక ఇంకా ఉన్నదా అని కూడా అడిగాడు. ఉన్నది కానీ, మా మేనకోడలు దాని మీద అఆలు దిద్దుకుంటున్నదని చెప్పాను.